మామగారి మురికి

మా మామగారు గొప్పవారని మాకు చెప్పడానికి, ఆయన పోయాక, మ్యూజియం వాళ్లు కారేసుకుని వచ్చారు. బతికున్నన్నాళ్లూ ఆయన సంగతి ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. పోయాక పల్లకీ ఏకంగా గుమ్మంలోకే వచ్చి ఆగింది.

ఎండలు ముదిరిన రోజులు. ముందు నడిచినాయన చేతులకు తెల్ల గ్లౌజులున్నాయి. ఇంత ఎండలో గ్లౌజులేమిటా అని నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే, మా ఆయన మాత్రం పెద్ద డాక్టరు ఇంటికొచ్చినట్టు రెండు తలుపులూ బార్లా తీశాడు. ఆవేళ మొదలు వేసవి అయిపోయేదాకా ఆ మనిషి పేరు మా ఇంట్లో గ్లౌజులాయనే. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. నాకు అవసరం పడలేదు.

మా ఇంట్లో వీధివైపు పెద్ద గది మామగారిది, ఆయన బొమ్మలు వేసుకునే గది. ఎత్తయిన కప్పు, గోడంత కిటికీ, రోజంతా వెలుతురు, గాలి. దాని వెనక మా గది. దానికీ కిటికీ ఉంది కానీ అది పక్కింటి గోడలోకి తెరుచుకుంటుంది. ఆ వెనక వంటగది. మధ్యలో నడవా. ఆ నడవాలో, డబ్బాల వరస పక్కన, మా అత్తయ్య మంచం. ఆవిడ కాపురానికి వచ్చింది మొదలు పెద్ద గదిలో ఒక్క కునుకు తీసి ఎరగదు. టీ పట్టుకెళితే గ్లాసు గడప మీద పెట్టి దగ్గాలి. ఆయన చూసి తాగితే తాగినట్టు, లేకపోతే చల్లారినట్టు. లోపల మాత్రం కళ.

ఆయన పోయేనాటికి అత్తయ్యకి ఆయాసం బాగా ముదిరింది. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి పీల్చుకునేది. పడుకుంటే గుండెలో పిల్లికూతలు. డాక్టరు చూసి, "మందులు సరే. ముందు ఈవిణ్ణి ఆ వంటింటి పొగ నుంచి తీసి మంచి కిటికీ ఉన్న గదిలో పడుకోబెట్టండి. సగం జబ్బు అక్కడే తగ్గుతుంది" అన్నాడు. మా ఇంట్లో కిటికీ అని చెప్పుకోదగ్గది ఒక్కటే. దాని కింద స్టాండుకి ఆనించి మామగారు సగం గీసి వదిలేసిన పడవ ఉంది.

ఆ పడవనీ, స్టాండునీ, దాని చుట్టూ ఉన్న చెత్తనీ చూసి గ్లౌజులాయన గుమ్మంలోనే కళ్లు మూసుకున్నాడు.

"ఎంత అదృష్టం" అన్నాడు. "ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"చీమని కూడా రానివ్వలేదు సార్" అన్నాడు మా ఆయన. నిజమే. చీమలకీ మాకూ ఒకటే రూలు.

వాళ్లు ప్రతి వస్తువుకీ దారంతో చీటీ కట్టడం మొదలుపెట్టారు. నేను టీ గ్లాసులు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను, అలవాటు. రంగులు కలుపుకునే చెక్క పలకని పాలెట్ అంటారట. దాని మీద ఎండిపోయిన రంగు బొటనవేలంత మందాన పేరుకుపోయి ఉంది. ముగ్గురూ దాని మీదికి వంగి, పసిబిడ్డని చూసినట్టు చూశారు. ఒకాయన వాసన కూడా చూశాడు. తర్వాత గట్టిపడి మొద్దుబారిన కుంచెలు. రంగులు నూరే రాయి. కీళ్లు కదిలే చెక్క మనిషి బొమ్మ, చేతులు నడుం మీద పెట్టుకుని. ఆ తర్వాత గ్లౌజులాయన పళ్లు ఊడిన దువ్వెన ఒకటి రెండు వేళ్లతో ఎత్తాడు.

"ఇది చూడండి. తడి రంగు మీద దీన్ని ఇలా లాగితే నీటి మీద అలలు వస్తాయి. ఎలాంటి ఆలోచన!"

"అది అత్తయ్య దువ్వెనండీ" అన్నాను. "ఇల్లంతా వెతికి వెతికి ఆవిడ ఇంకోటి కొనుక్కుంది."

మా ఆయన నన్ను చూసిన చూపుకి టీ చల్లారిపోవాలి. గ్లౌజులాయన మాత్రం చీటీ మీద రాసుకున్నాడు, ‘కళాకారుడు స్వయంగా మలచుకున్న పనిముట్టు’ అని. మలచుకోవడమంటే పెళ్లాం దువ్వెన పళ్లు విరగ్గొట్టడమని నాకు అప్పుడే తెలిసింది. నా పుట్టింటి దుప్పటి చింపి రంగులు తుడిచిన గుడ్డలకి ‘వస్త్రఖండం, మరకలతో’ అని కట్టారు. వంటింట్లోంచి మాయమైన జల్లెడ, నూనె గరిటె, అత్తయ్య మందు తాగే చిన్న గ్లాసు అన్నీ అక్కడే దొరికాయి. అన్నింటికీ చీటీలు పడ్డాయి. ఇంకాసేపు నిలబడితే నాకూ ఒకటి కట్టేవాళ్లు.

అత్తయ్య నడవాలోంచి గోడ పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. గ్లౌజులాయన చేతులు జోడించాడు.

"అమ్మగారూ, ఇవన్నీ మ్యూజియంకి తీసుకుపోదామనే వచ్చాం. చూశాక మనసు మారింది. ఈ గదిని ఇక్కడే, ఉన్నది ఉన్నట్టు ఉంచేస్తాం. గుమ్మానికి అడ్డంగా తాడు కడతాం. జనం వచ్చి తాడు ఇవతల నిలబడి చూసిపోతారు. మీ అబ్బాయిగారిని గౌరవ సంరక్షకుడిగా వేస్తాం."

"ఎన్నాళ్లు?" అంది అత్తయ్య.

"ఎన్నాళ్లేమిటమ్మా, శాశ్వతంగా."

"ఊడవొద్దా?"

"అసలు వద్దు. కళాకారుడి ప్రాణమంతా ఈ మురికిలోనే ఉంటుంది. దుమ్ముతో సహా ఇలాగే ఉండాలి."

అత్తయ్య ఊపిరి పీల్చుకుని, "కడిగితే?" అంది.

ఆయన నవ్వాడు. "కడిగితే ఇంకేముంటుందమ్మా? అందరిళ్లలో ఉండే గదే అవుతుంది. అప్పుడు దీనితో మాకేం పని?"

"నిజమే" అంది అత్తయ్య, బుద్ధిగా తలూపి.

భోజనాల దగ్గర ఆవిడ నెమ్మదిగా కదిపింది. "నా మంచం ఆ కిటికీ కింద వేయరా. ఒక్క మంచమేగా."

"అమ్మా, అది నాన్నగారి గది."

"నాన్నగారు లేరుగా."

"లేకపోతే మాత్రం? నలుగురూ వచ్చి చూసే గది. అందులో నీ మంచం ఉంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"ముసలావిడ పడుకుంటుంది అనుకుంటారు."

మా ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు. నీళ్ల ఆఫీసులో గుమాస్తా, నల్లా రావడం లేదని వచ్చినవాళ్లకి రేపు రమ్మని చెప్పడం ఆయన పని. అలాంటివాడికి గౌరవ సంరక్షకుడనేసరికి కాళ్లు నేల మీద ఆనడం లేదు. చిన్నప్పుడు ఈయనా ఓ బొమ్మ గీసి తండ్రికి చూపించాడట. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "గుర్రమా, గుడిసా?" అని అడిగి నవ్వారట. ఆ తర్వాత పెన్సిల్ పట్టలేదు. అయినా తండ్రంటే ఆ భక్తి ఏమిటో నాకు అంతుపట్టదు. తన్నిన కాలినే కళ్లకద్దుకునే రకాలు కొన్ని ఉంటాయి.

"డాక్టరు చెప్పింది మీరూ విన్నారుగా" అన్నాను.

"ఫ్యాను కొంటాను" అన్నాడు.

కొన్నాడు కూడా. గాలి రాని నడవాలో ఫ్యాను తిప్పితే ఉన్న పొగే తిరుగుతుంది. అత్తయ్య దగ్గుతూ, "చల్లగా ఉందిరా" అని కొడుకు మొహం మీదే అనేది. ఆయనకి అది మెచ్చుకోలులా వినపడేది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడకి ఊపిరి అందలేదు. మంచం మీదనుంచి లేచి, పెద్ద గది తలుపు దాకా పాక్కుంటూ వచ్చి, మా ఆయన తాళం వేసి ఉంచిన తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. మొహం నల్లబడిపోయింది. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది. తలుపు కింది సందులోంచి వచ్చే కాస్త గాలి కోసం అక్కడిదాకా వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

"తాళం తీయండి" అన్నాను.

తాళంచెవి మా ఆయన జేబులోనే ఉంది. చెయ్యి జేబు మీదికి వెళ్లింది, అక్కడే ఆగింది. "ఒకసారి తీస్తే రోజూ తీయాలి" అని గొణిగి, బల్ల మీద ఉన్న పుస్తకం అందుకుని దాంతో విసరడం మొదలుపెట్టాడు. మ్యూజియం వాళ్లు ఇచ్చిన రంగురంగుల పుస్తకం. దాని అట్ట మీద ఎవరో పాతకాలపు చిత్రకారుడి కుర్చీ. నేను ఆవిణ్ణి ఎత్తుకున్నట్టే పట్టుకుని వీధి మెట్ల మీదికి తీసుకుపోయాను. మందు వేసి, అది పనిచేసేదాకా అక్కడే, ఎండలో, దారినపోయేవాళ్లు చూస్తుండగా కూర్చున్నాం. అప్పుడు నాకు మా ఆయన మీద వచ్చింది కోపం కాదు, అసహ్యం. కోపమైతే నాలుగు రోజుల్లో పోయేది.

తర్వాత కబురొచ్చింది. గది విషయం తేల్చడానికి పెద్ద కమిటీ వస్తోందని, ఛైర్మన్ గారు స్వయంగా వస్తున్నారని. ముందురోజు మా ఆయన సెలవు చెప్పడానికి ఆఫీసుకీ, అక్కణ్నుంచి క్షవరానికీ, కొత్త చొక్కాకీ బయల్దేరాడు. లైట్లు చూడటానికి మ్యూజియం నుంచి ఎలక్ట్రీషియన్ వస్తాడని తాళంచెవి నా చేతికిచ్చి, "నువ్వు గడప దాటకు" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు, స్విచ్చి నొక్కాడు, వెలిగింది, వెళ్లిపోయాడు. నేను తాళం వేయబోతుంటే అత్తయ్య వెనకనుంచి అంది.

"వేయకే."

"ఎందుకత్తయ్యా?"

"రేపు పెద్దవాళ్లు... వస్తున్నారుగా. ఇల్లు ఇలాగేనా ఉండేది? ఎవరైనా... చూస్తే మనకెంత నామోషీ."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నా మొహంలోకి చూడలేదు. చీపురు కోసం వెతుకుతోంది.

నేను డ్రైక్లీనింగ్ షాపులో కౌంటర్ మీద కూర్చుంటాను. ఆవేళ నాకు మధ్యాహ్నం డ్యూటీ. షాపుకెళ్లి, ఒంట్లో బాగోలేదని చెప్పి, మొండి మరకలకి వాడే మందు డబ్బా ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చాను.

ముందు కిటికీ రెక్కలన్నీ తీశాను. కొన్ని రంగుతో అతుక్కుపోయి ఉంటే అట్లకాడ పెట్టి ఊడదీశాను. అత్తయ్యకి కిటికీ కింద స్టూలు వేసి, బకెట్ ముందు పెట్టి, "మీరు కుంచెలు చూడండి, మందు వాసన మీకు పడదు" అని నేను పాలెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. నానబెట్టి గీకుతుంటే పొర కింద పొర ఊడి వచ్చింది. ఎరుపు కింద పసుపు, పసుపు కింద బురద రంగు, దాని కింద ఇంకేదో. అంత లోతుకి పోయినా ఆయన ప్రాణం ఎక్కడా తగల్లేదు. అడుగున చెక్క తగిలింది. మంచి చెక్క.

నేను తిరిగి వచ్చేసరికి అత్తయ్య కుంచెలన్నీ సబ్బుతో కడిగి, కిటికీ గట్టు మీద వరసగా ఆరబెట్టింది. చెక్క మనిషి బొమ్మని ఒళ్లో పెట్టుకుని మొహం తుడుస్తోంది.

"వీడికి నాకన్నా మంచి చోటు దొరికింది ఇన్నేళ్లూ" అంది.

స్టాండు కడిగాం. నూరే రాయి తోమాం. సీసాలు తళతళలాడించాం. నేల మీద రంగు చుక్కలు ఒక్కొక్కటీ గీకాం. మా దుప్పటి ముక్కలు నీళ్లపొయ్యిలో పెట్టాం. చీటీలు మాత్రం ఊడదీయలేదు, తడిసిన వాటిని ఆరబెట్టి మళ్లీ కట్టాం. మేం మర్యాదస్థులం. సగం గీసిన పడవ జోలికి పోలేదు. అది బొమ్మ, మురికి కాదని అత్తయ్య తీర్పు చెప్పింది. పని అయ్యేసరికి ఆవిడ కిటికీకి తల ఆనించి కూర్చుంది. గుండెలో పిల్లికూతలు లేవు. నాకు ఏడుపొచ్చింది, సబ్బు చేతులతో తుడుచుకుంటే ఇంకా మండింది.

సాయంత్రం మా ఆయన కొత్త క్షవరంతో వచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయాడు. చొక్కా పొట్లం చేతిలోంచి జారింది.

"నాన్నగారిని చంపేశారు" అన్నాడు.

"ఆయన జబ్బు చేసి పోయారురా" అంది అత్తయ్య. "నువ్వే కదా ఆస్పత్రికి తీసుకెళ్లావు."

మర్నాడు కమిటీ వచ్చింది. ఛైర్మన్ గారు నిండైన మనిషి. గదంతా ఒకసారి కలియజూసి, "బావుంది, చాలా శుభ్రంగా ఉంచారు" అన్నాడు. ఏం చూడటానికి వచ్చాడో ఆయనకే తెలియదు పాపం. గ్లౌజులాయన మాత్రం పాలెట్ చేతిలోకి తీసుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి, మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల చూశాడు. నేల మెరుస్తోంది.

"ఎవరు చేశారిది?" అన్నాడు గ్లౌజులాయన.

"నేనే బాబూ" అంది అత్తయ్య. "అంత పెద్దవాళ్లు వస్తుంటే మురికి గది ఎలా చూపిస్తాం. కోడలు కూడా సాయం పట్టింది."

ఆయన మింగలేక కక్కలేక గ్లౌజులు రెండూ విప్పి జేబులో కుక్కుకున్నాడు. ముసలావిణ్ణి ఏమనగలడు? పక్కకు పోయి వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. తర్వాత వచ్చి, సామాన్లు మాత్రం మ్యూజియంకి తీసుకుపోతామని, గదితో ఇక పనిలేదని చెప్పాడు.

"అయ్యో, అలాగా" అంది అత్తయ్య.

సామాన్లు ఎక్కించిన వ్యాను మలుపు తిరగకముందే నేను మంచం ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస పక్కింటావిడ పట్టింది. మా ఆయన పట్టలేదు.

కొన్నాళ్లు మాతో మాట్లాడలేదు. మాకు హాయిగానే ఉండేది. తర్వాత సాయంత్రాలు ఎక్కడికో వెళ్లడం మొదలుపెట్టాడు. తిరిగొచ్చేసరికి గోళ్లలో నీలం, ఎరుపు. ఏమిటని నిలదీస్తే, గొప్ప రహస్యంలా చెప్పాడు. కడిగేసిన పాలెట్ చూస్తే జనానికి ఏమీ అనిపించదట. అందుకని గ్లౌజులాయన ఈయన్ని పిలిచి, "ఆయన చెయ్యి మీ రక్తంలో ఉంటుంది" అని చెప్పి రంగులు చేతికిచ్చాడట. మ్యూజియంలో మామగారి గదిలాంటిదే ఒకటి కడుతున్నారట, ఈయన రోజూ అక్కడికి పోయి పాలెట్ మీద పొరలు పేరుస్తున్నాడు, కుంచెలు ముంచి ఎండబెడుతున్నాడు, నేల మీద చుక్కలు చల్లుతున్నాడు. గుర్రానికీ గుడిసెకీ తేడా తెలియని చెయ్యి అది. మా పెళ్లయ్యాక ఆయన అంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. కాస్త జాలి వేసింది కానీ, తాళంచెవి ఉన్న జేబు గుర్తొచ్చి అదీ పోయింది.

మొదటి వానలు పడుతుండగా ఆ గది తెరిచారు. మమ్మల్నీ పిలిచారు. మ్యూజియంలో ఆ గదికి పోయే దారిలో అద్దాల పెట్టెల్లో పాతకాలం చిత్రకారుల సామాన్లు పెట్టారు. ఈక కాడకి వెంట్రుకలు కట్టిన కుంచె, రంగు దాచుకునే తోలు సంచులు, మడత కుర్చీ, అరిగిపోయిన నూరుడు రాయి. అత్తయ్య ఒక్కోదాని ముందూ ఆగి, ఒక్కో చీటీ నాతో చదివించుకుంది. ఎవరు వాడారో, ఏ కొయ్యతో చేశారో అన్నీ ఉన్నాయి.

"వీళ్ల పెళ్లాలు ఎక్కడ పడుకునేవాళ్లో రాయలేదా?" అంది.

"లేదత్తయ్యా."

"ఊఁ" అని ముందుకు నడిచింది.

చివర్న మామగారి గది. మూడు వైపులా గోడలు, ఒకవైపు అద్దం. లోపల అట్టతో చేసిన కిటికీ, దాని వెనక ట్యూబులైటు. పాలెట్ పక్కన ‘ఆయన చివరిసారి కలిపిన రంగులు’ అని రాసి పెట్టారు. జనం గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ కళ్లొత్తుకుంది. ఆవిణ్ణి ఏమీ అనను, ఆవిడకి తెలియదు. మా ఆయన కూడా కళ్లొత్తుకుంటున్నాడు. తన చేత్తో తను పూసిన రంగుని అద్దంలోంచి చూస్తూ, తండ్రిని తలుచుకుని నిజంగా ఏడుస్తున్నాడు. వెర్రి వెయ్యి విధాలంటారు. ఇది లెక్కలోకి రాని విధం.

గ్లౌజులాయన మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. పాత కోపం పెట్టుకోలేదు. ఫోటో తీసేవాణ్ణి వెంటపెట్టుకుని, అద్దం పక్కనున్న చిన్న తలుపు తాళం తీసి, వినయంగా వంగాడు.

"అమ్మగారూ, మీరొక్కరూ లోపలికి రండి. ఆయన గదిలో, ఆయన స్టూలు మీద ఓసారి కూర్చోండి. ఇంకెవరినీ రానివ్వం, మీకు మాత్రమే."

జనమంతా పక్కకి జరిగి దారిచ్చారు. మా ఆయన కళ్లు తుడుచుకుని, వెళ్లమ్మా అన్నట్టు తలూపాడు. అత్తయ్య ఆ చిన్న తలుపులోంచి లోపలికి ఓసారి తొంగి చూసింది.

"వద్దు బాబూ, మీ గదిలో మీరే కూర్చోండి, నాకు ఇంటి దగ్గర గది ఉంది, వాన పెద్దదయ్యేలా ఉంది, కిటికీ వేసి రాలేదు, మేం వెళ్లొస్తాం" అంది.

ఇంత మాటా ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో అంది.